ఐదో గ్లాసు

“పేరు చూడం, యజమానిని చూడం. గ్లాసులో ఉన్నదాన్నే చూస్తాం. మా బల్ల మీద ఏ గ్లాసుకూ అన్యాయం జరగదు.” హైదరాబాదులో చిన్న తయారీదార్ల క్రాఫ్ట్ బీర్లు రుచి చూసి మార్కులు వేసే ఒక మిత్రబృందం తమ గది గోడ మీద రాసుకున్న మాట ఇది. రాసినవాడు కిరీటి. ఏడాది తిరక్కుండానే ఆ మాట తప్పారు. తప్పామని వాళ్లకు తెలియనైనా తెలియలేదు.

కిరీటికి ఆ విద్య నేర్పినవారు దేవసహాయం మాస్టారు. ఒక బీరు ఫ్యాక్టరీలో రుచి చూడటమే ఉద్యోగంగా ముప్పయ్యేళ్లు గడిపి, ఇప్పుడు మెట్టుగూడలో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. ఆయనకో అలవాటు ఉంది. ఎవరైనా వాదనకు దిగితే జవాబు చెప్పరు. లేచి వెళ్లి గ్లాసులు కడుగుతారు.

జులై ఇరవై, సోమవారం మధ్యాహ్నం కిరీటి వచ్చింది వాదనకే. అతని ఫోనులో అంబిక పంపిన సందేశం ఉంది. అంబిక ఒక చిన్న బ్రూవరీలో బీరు తయారుచేసే మనిషి. రెండేళ్లు తంటాలు పడి జహీరాబాదు జొన్నలతో ఒక బీరు చేసింది. జూన్‌లో బృందం పెట్టిన పోటీలో ఆరు బీర్లకుగాను అది ఆఖరున నిలిచింది. మార్కుల పక్కన కిరీటి రాసిన “నీళ్లు. ధైర్యం చాలని బీరు” అన్న వ్యాఖ్య ఊళ్లో బీరు ప్రియుల ఫోన్లన్నీ చుట్టి వచ్చింది. బ్రూవరీ యజమాని జొన్న బీరు ట్యాంకును మోరీలోకి వదిలించేసి, ఆమెను పనిలోంచి తీసేశాడు. అయినా ఆమె సందేశంలో నిష్ఠూరం లేదు. తప్పేమిటో చెబితే దిద్దుకుంటానని అడిగింది, అంతే. పది రోజులుగా కిరీటికి జవాబు తోచడం లేదు.

“మాస్టారూ, ఎవరిదో తెలియకుండా తీర్పు చెబితే అందులోకి అన్యాయం ఎక్కణ్ణుంచి వస్తుంది?” అని అడిగాడు.

మాస్టారు లేచి గ్లాసులు కడగడం మొదలుపెట్టారు.

కడుగుతున్నంతసేపూ కిరీటి మాట్లాడుతూనే ఉన్నాడు. పోటీ రోజున మాస్టారు ఒక్క మాట అన్నారు, తేలికపాటివి ముందు, చేదువి తర్వాత పెట్టుకోండర్రా అని. కిరీటి ఒప్పుకోలేదు. వరస పెట్టేవాడే రేపు పెత్తందారు అవుతాడన్నాడు. గ్లాసుకు కులం లేదన్నాడు. ముందూ వెనకా లేని బల్లే మనకు కావలసిందన్నాడు. మిత్రులు చప్పట్లు కొట్టారు. చీటీకి పక్షపాతం ఉండదు గనక చీటీలు తీసి, ఏ బీరు ఎన్నోదిగా తాగాలో అందరికీ ఒకే వరస ఖాయం చేశారు. ఆనాటి మాటలన్నీ కిరీటి ఇప్పుడు పొల్లు పోకుండా అప్పజెప్పాడు. చప్పట్లు లేకపోయేసరికి అవి అతనికే చప్పగా వినిపించాయి.

మాస్టారు వంటగదిలోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. రంగు కనబడకూడదని ఆయన ఇంట్లో అన్నీ స్టీలువే. కిరీటి ఎంత కోపంలో ఉన్నా అతని ముక్కు అబద్ధం చెప్పేది కాదు. అప్పుడే వేయించిన పేలాల వాసన, వెనకాల లేత పులుపు, మింగాక నాలుక చివర మిగిలే కాస్త తీపి. ఈ ఏడాది ఇంత నెమ్మదైన బీరు తాగలేదని చెప్పి యాభైకి నలభై ఒకటి వేశాడు. ఎవరిదని అడిగితే మాస్టారు రెండో గ్లాసు తెచ్చారు.

అది చేదు బీరు. కాకరకాయా నారింజ తొక్కా కలిపి నమిలినట్టుంది. మాస్టారు దాన్ని రెండుసార్లు నింపారు. నియమం ప్రకారం కిరీటి గుప్పెడు మరమరాలు నమిలి, నీళ్లు తాగాడు. ఆ చేదు మరమరాలకు లొంగేది కాదు. మూడో గ్లాసు వచ్చింది. ఒక గుటక వేశాడు, ఇంకో గుటక వేశాడు. వాసన లేదు, పులుపు లేదు. “నీళ్లు” అన్నాడు. పదిహేడు వేశాడు.

మాస్టారు సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. మొదటి గ్లాసుకూ మూడో గ్లాసుకూ అదే సీసా. దాని మీద అంబిక చేతిరాత ఉంది. ట్యాంకు మోరీలోకి పోకముందు ఆమె పట్టి దాచుకుని, తర్వాత మాస్టారికి తెచ్చి ఇచ్చిన రెండు సీసాల్లో అది ఒకటి.

పోటీలో అంబికకు వచ్చింది ఐదో చీటీ. నాలుగోది ఊరంతటికీ పేరుపడ్డ చేదు బీరు. కిరీటికి ఇప్పుడు గుర్తొచ్చింది. బల్ల చుట్టూ ఏడుగురు కూర్చున్నారు. ఏడుగురూ ఇరవైలోపే వేశారు. ఏడుగురి మాటా ఒకటే అయినందుకు దాన్ని నిజమనుకున్నారు.

“మేం మోసం చేయలేదు కదా మాస్టారూ” అన్నాడు.

“చేయలేదు. అందుకే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో పాపం ఆ అమ్మాయికి తెలియడం లేదు.”

ఆ ఏడుగురిలో మాస్టారూ ఒకరు. ఆయన ఎంత వేశారని కిరీటి అడిగాడు. పద్దెనిమిది అన్నారు. ఆ చేదు తర్వాత ఏ రుచీ అందదని ముప్పయ్యేళ్లుగా తెలుసు. అయినా కుర్రాళ్ల చప్పట్ల ముందు రెండోసారి నోరు విప్పబుద్ధి కాలేదట. నాలుక చెప్పిందే రాసి ఇచ్చారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన శిష్యుడి వైపు చూడలేదు.

మళ్లీ పోటీ పెడదామన్నాడు కిరీటి. నిబంధనలు తిరగరాద్దామన్నాడు, మీటింగు పిలుద్దామన్నాడు, తీర్మానం చేద్దామన్నాడు. పోటీకి సరిపడా ఆ బీరు ఇక లేదని తనకే తట్టి ఆగిపోయాడు. చివరికి, ఆమెకు ఏమని రాయాలని అడిగాడు.

మాస్టారు గ్లాసులు తీసి సింకులో పెట్టారు. ఈసారి కడగలేదు.

“కింద ఇద్దరి సంతకాలకు చోటుంచి రాయి. ఆ అమ్మాయి గది ఖాళీ చేసి వెళ్లిపోయేది జులై ఇరవై ఏడున.”