పలకని అక్షరం

మూడేళ్లుగా సుదర్శనం ఉపదేశం కోసం కాచుకుని ఉన్నాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం మానేసి, గుండ్లకమ్మ ఒడ్డున చెంచయ్య స్వామి మఠానికి వచ్చి చేరింది అందుకే. ఆ మఠంలో ఉపదేశం కాగితం ఎక్కదు. గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి, అంతే.

స్వామికి ఎనభై దాటాయి. మతిమరుపు పట్టుకుంది. పొద్దున తిన్న సంకటి మధ్యాహ్నానికి గుర్తుండదు. ఉపదేశం కూడా అలాగే జారిపోతే? ఆ దిగులుతో సుదర్శనానికి ముద్ద దిగేది కాదు.

ఇది చాలదన్నట్టు, స్వామి ఒక ఇంగ్లీషు మాట పట్టుకున్నాడు. బడిపిల్లవాడెవడో అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే విన్నాడు. ‘విను’ అని అర్థమట, బాగుందే అనుకున్నాడు. ఇక గొర్రెలు తోలుకుపోయేవాణ్ణి పిలిచినా, కోర్టు గొడవ చెప్పుకోవడానికి వచ్చినవాళ్లని కూర్చోబెట్టినా మొదటి మాట అదే.

“లిస్టెన్!”

మఠానికొచ్చే పట్నం భక్తులు చాటుగా నవ్వుకునేవాళ్లు. సుదర్శనానికి తల కొట్టేసినట్టయ్యేది.

“లిస్టెన్ కాదు స్వామీ, లిసెన్.”

“అదేగా అన్నాను. లిస్టెన్.”

“మధ్యలో ‘ట’ లేదు స్వామీ!”

“లిసెన్,” అని బుద్ధిగా అనేవాడు స్వామి. గుమ్మంలో మనిషి కనబడగానే మళ్లీ “లిస్టెన్!”

అన్నీ మరిచిపోయే మనిషికి ఈ ‘ట’ ఒక్కటే ఎలా గుర్తుంటుందో! సుదర్శనానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకనాడు పొద్దున స్వామి అరుగు మీద మునగాకు దూస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆపి కేకేశాడు.

“ఒరే సుదర్శనం, ఇలా రా! ఇవాళ అంతా తేటగా గుర్తుంది. చెవి ఇటు పెట్టు.”

సుదర్శనం చీపురు పడేసి పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్వామి వంగి, అతని చెవికి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అన్నాడు.

“లిస్టెన్...”

“లిసెన్ స్వామీ! ఎన్నిసార్లు చెప్పాలి? ‘ట’ పలకదు!”

స్వామి వెనక్కి జరిగాడు.

“పలకదా?”

“పలకదు.”

“మరి రాస్తారా?”

“రాస్తారు.”

“రాసింది పలక్కపోవడం ఏంట్రా, విడ్డూరం! మరి అక్కడ కూర్చుని ఏం చేస్తుందది?”

“ఏమీ చెయ్యదు. ఊరికే ఉంటుంది,” అన్నాడు సుదర్శనం విసుగ్గా. అప్పుడు గుర్తొచ్చింది. “స్వామీ... ఉపదేశం?”

స్వామి నుదురు రుద్దుకున్నాడు. “ఏదో చెప్పబోయానురా. పోయింది.”

“గుర్తు తెచ్చుకోండి స్వామీ!” అని సుదర్శనం ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

“ఏదీ, ఆ మాట ఇక్కడ రాయి,” అని స్వామి ఒక మునగపుల్ల అందించాడు.

సుదర్శనం మట్టిలో పెద్ద అక్షరాలతో రాశాడు. ఆరు అక్షరాలు.

“ఇందులో పలకనిది ఏదిరా?”

చూపించాడు. ఇటు మూడు, అటు రెండు. మధ్యలో అది, యోగదండంలా నిటారుగా ఉంది.

స్వామి అరుగు దిగాడు. మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ వంగాడు. ఆ అక్షరానికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

“నీకంటే ముందు దీనికి అందిందిరా ఉపదేశం,” అన్నాడు. వెళ్లి మళ్లీ ఆకు దూసుకుంటూ కూర్చున్నాడు.

సుదర్శనం చేతిలో మునగపుల్ల కింద పెట్టాడు. తర్వాత వచ్చి, ఒక మునగ రెమ్మ తీసుకుని, స్వామి పక్కన కూర్చుని తానూ ఆకు దూయసాగాడు.

ఎండ అరుగెక్కింది.

“లిస్టెన్,” అన్నాడు స్వామి.

సుదర్శనం తన చెవి ఆయన దగ్గరికి జరిపాడు.