సముద్రుడి చుట్టపుచూపు

ఒకప్పుడు సముద్రుడు ఉన్నచోటు నుంచి కదిలేవాడు కాదు. పొద్దున ఎక్కడుంటే సాయంత్రమూ అక్కడే. అలలు ఉండేవి, హోరు ఉండేది, కానీ ఆటూ లేదు, పోటూ లేదు.

నదులే ఆయన దగ్గరికి వచ్చేవి. అందులోనూ గోదారి వచ్చిందంటే కబుర్లే కబుర్లు. "మా లంకలో దోసపాదులు కాశాయి. మా రేవులో కొత్త నావ దింపారు. మా సంతలో గాజులమ్మే ఆవిడకి ఎంత నోరో!" సముద్రుడు నోరు తెరుచుకుని వినేవాడు. ఇన్ని ఊళ్లున్నాయి, నేను ఒక్కటీ చూడలేదే అని బెంగపడేవాడు.

ఒక వేసవిలో గోదారి చిక్కిపోయి పిల్లకాలువంత అయింది. కబుర్లు ఆగిపోయాయి. సముద్రుడికి పొద్దు గడవడమే కష్టమైంది.

సరిగ్గా అప్పుడే, గోదారి సముద్రంలో కలిసేచోట పేరంటాలు నావ ఒండ్రుమట్టిలో దిగబడింది. పేరంటాలుది దోసలంక. గోదారి మధ్యలో, ఇసుకతిన్నె మీద పదమూడు గడపల ఊరు. ఆవిడ దోసకాయలు నావలో వేసుకుని రేవురేవుకీ తిరిగి అమ్ముకునేది. గెడకర్ర వేసి తోసింది. దిగి భుజం ఆనించింది. నావ జానెడు కూడా కదల్లేదు.

"ఏమండీ అత్తగారూ, ఆగిపోయారేం?" అంది ఒక పెద్ద గొంతు.

లంకల వాళ్లంతా గోదారిని తమ ఇంటి ఆడపిల్ల అనుకునేవారు. ఆమె మొగుడు కాబట్టి సముద్రుడు వాళ్లకు అల్లుడు. పేరంటాలు చప్పున కొంగు సర్దుకుంది.

"నీళ్లు లేవండీ అల్లుడుగారూ. మా అమ్మాయి బొత్తిగా చిక్కిపోయిందండి."

"మీ నావ నేను తేలుస్తానండి. మీ ఊళ్లన్నీ నాకు చూపిస్తారా? పెళ్లయి ఇన్నేళ్లయింది, అత్తారిల్లు ఎలా ఉంటుందో నాకు తెలీదండి."

పేరంటాలుకి జాలేసింది. "అయ్యో, అంత మాటా! రండి బాబూ, చుట్టపుచూపుగా వచ్చి వెళ్దురుగాని. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. మా లంక మొత్తానికి ఒక్కటే చెలమ. ఇసుకలో గొయ్యి తవ్వుకుని, ఊరిన నీళ్లే తాగుతున్నాం. దానికి మీ ఉప్పు తగిలిందా, మేం ఊరొదిలి పోవాల్సిందేనండి."

"తగలనిస్తానా!" అన్నాడు సముద్రుడు. మెల్లిగా గోదారిలోకి అడుగుపెట్టాడు. నావ తేలింది.

ఇక దారిపొడుగునా ఆయన నోరు మూస్తే ఒట్టు. ఎద్దులబండి బల్లకట్టు ఎక్కి ఏరు దాటడం చూసి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకి రేవులో బట్టలుతికేవాళ్లు నిలువునా తడిసిపోయారు. "ఏవండోయ్, ఎవరింటి అల్లుడండీ ఈయన?" అని వాళ్లు కేకలేశారు.

"ఒడ్డుమీద ఊళ్లు కూడా చూస్తానండి" అన్నాడు. ఒడ్డుమీదకి ఆయన వస్తే ఇంకేమన్నా ఉందా! పేరంటాలు ఒక కడవ తెచ్చింది. అంత సముద్రుడూ ఆ కడవలో సర్దుకుని కూర్చున్నాడు. కడవని బండిలో పెట్టుకుని గట్టుమీద రోడ్డెంట తీసుకెళ్లింది.

బెల్లం వండే ఊరొచ్చింది. "నాలో ముత్యాలున్నాయి, పగడాలున్నాయి. ఈ వాసన మాత్రం లేదండి" అని నిట్టూర్చాడు. తరువాత మగ్గాల ఊరొచ్చింది. అక్కడ ఒక ముసలాయన పంచె నేస్తున్నాడు. సముద్రుడు కడవ అంచు మీదనుంచి తొంగి చూశాడు.

"పొద్దస్తమానం అలలు వేస్తూనే ఉంటాను అత్తగారూ. ఒక్కటీ ఇంత నేర్పుగా రాదండి" అన్నాడు.

ఆ మాటకి పేరంటాలు మనసు నిండిపోయింది. రోజూ చూసే ఊళ్లే అయినా, ఆయన పక్కనుంటే తనకీ కొత్తగా కనిపించాయి.

రేవుకొచ్చి, కడవని గోదారిలోకి ఒంపి, పేరంటాలు మళ్లీ నావెక్కింది. తుంగచాపలు అల్లే లంక చూశారు. గేదెలు ఈదుకుంటూ మేతకెళ్లే లంక చూశారు. చివరికి దోసలంక చేరారు. ఇసుకలో పచ్చగా పాకిన పాదులు, వాటి మధ్య పసుప్పచ్చ దోసకాయలు. సముద్రుడు లంక చుట్టూ చేరి అలాగే ఉండిపోయాడు.

"ఈ పూటకి ఉంటానండి" అన్నాడు మొదటిరోజు. రెండోరోజూ అదే మాట.

మూడోరోజు పొద్దున పాదులు తలలు వాల్చేశాయి. పేరంటాలు అత్తగారు నూకాలమ్మ చెలమలో నీళ్లు నోట్లో పోసుకుని తుపుక్కున ఊసేసింది. "ఏమే, ఇది చెలమా, ఊరగాయ జాడీనా?"

పదమూడు గడపలూ పేరంటాలు ఇంటిముందు చేరాయి. "పిలిచింది నువ్వే. వెళ్లమని కూడా నువ్వే చెప్పు" అన్నారు.

పేరంటాలు ఇరకాటంలో పడింది. ఊరు నిలవాలంటే ఆయన వెళ్లాలి. కానీ ఇంటికొచ్చిన అల్లుణ్ణి వెళ్లమని ఏ నోటితో చెప్పడం?

అప్పుడొకటి గుర్తొచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకి ముందుగా చెంబుతో నీళ్లివ్వడం ఆనవాయితీ. సముద్రుడికి నీళ్లేమిటని ఎవరూ ఇవ్వనే లేదు. చెలమలో చెంబు ముంచి తీసుకెళ్లింది.

"మర్యాద తప్పాం, ఏమీ అనుకోకండి. పుచ్చుకోండి."

సముద్రుడు గటగటా తాగాడు. "అబ్బ, ఎంత బావున్నాయండీ! అచ్చం మా ఇంటి నీళ్లే!"

పేరంటాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అదేనండీ మా బాధ. మీ ఇంటి నీళ్లలా ఉంటే మేం తాగలేమండి."

సముద్రుడు లంకంతా కలయజూశాడు. వాడిన పాదుల్ని చూశాడు. నూకాలమ్మ ఎండిన పెదవుల్ని చూశాడు.

"నేను చెలమని ముట్టుకోలేదండీ!"

"తెలుసు బాబూ. పక్కన ఎక్కువసేపు కూర్చున్నారు, అంతే."

సముద్రుడికి సిగ్గేసింది. వెంటనే వెనక్కి తిరిగాడు. ఎంత గబగబా వెళ్లాడంటే, ఆయనతో వచ్చిన పీతలు ఒండ్రులో ఉండిపోయి, దారి వెతుక్కుంటూ అడ్డంగా పరుగులు తీశాయి.

ఊరంతా వంతులవారీగా చెలమ తోడింది. తోడగా తోడగా ఏడోరోజుకి తియ్యటి నీళ్లు ఊరాయి. ఊరు నిలబడింది. పేరంటాలు నావ మాత్రం మళ్లీ ఒండ్రులో కూరుకుపోయింది. పైగా ఊరూరికీ ముచ్చటపడే ఆ పెద్ద గొంతు వినపడక ఆవిడకి ఏమీ తోచలేదు. మోకాళ్లలోతు మట్టిలో నడుచుకుంటూ గోదారి చివరిదాకా వెళ్లింది. సముద్రుడు దూరంగా ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇంక రానండి. నేనొస్తే మీకు నష్టం."

"అల్లుణ్ణి రావద్దని ఎవరంటారండీ? రోజూ రండి, రెండు పూటలా రండి. భోజనానికి వచ్చినట్టు వచ్చి వెళ్లిపోండి. మా నావలు తేలతాయి, మా చెలమా బతుకుతుంది."

"మరి పున్నమికీ, అమావాస్యకీ?" అన్నాడు ఆశగా.

పేరంటాలు నవ్వేసింది. "ఆ రెండు రోజులూ ఇంకో నాలుగడుగులు లోపలికి రండి. అల్లుడొచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అంటారు. ఆగక్కర్లేదు, మా అల్లుడు ముందే వచ్చేస్తాడు!"

అప్పటినుంచే సముద్రుడు రోజూ రెండుసార్లు గోదారిలోకి వచ్చి వెళ్తున్నాడు. రావడాన్ని పోటు అంటాం, పోవడాన్ని ఆటు అంటాం. పున్నమికీ అమావాస్యకీ ఇంకాస్త లోపలికి వస్తాడు. వెళ్లమని ఎవరూ చెప్పక్కర్లేదు, తనే వెళ్లిపోతాడు.

కాకపోతే రోజూ నిన్నటికంటే రెండు ఘడియలు, అంటే ఇంచుమించు ముప్పావుగంట ఆలస్యంగా వస్తాడు. "ఏం అల్లుడుగారూ, ఆలస్యమైంది?" అని పేరంటాలు ఒకసారి అడిగింది.

"దారిలో మీ ఊళ్లున్నాయి కదండీ, చూసుకుంటూ వచ్చాను" అన్నాడు సముద్రుడు.