ఊరికేసి పళ్ళు చూపే కుక్క

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, అడవి అంచున ఒక ఊరుండేది. ఆ ఊరి ఆవులన్నిటినీ ఓబుళమ్మ అనే ముసలామె మేపేది. ఆమెకి మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఒక కర్ర ఉంది, ఒక కంబళి ఉంది, ఒక కుక్క ఉంది.

కుక్క పేరు చుక్కన్న. నాలుగు కళ్ళ జాతి. అంటే కళ్ళ పైన ఇంకో రెండు పసుపు చుక్కలుంటాయి. ఆ జాతి కుక్కలు ఆవుని కరవవు. మడమ దగ్గర మూతి ఆనించి, "పద" అన్నట్టు తోస్తాయంతే. ఎవరు నేర్పారో ఏమో! తల్లిపాలతోనే వస్తుందట ఆ పని.

ఒకనాడు మబ్బు పట్టిన పగటిపూట చిరుతపులి మంద మీద పడింది. ఓబుళమ్మ కర్ర ఎత్తేలోగా చుక్కన్న దూకాడు. మొదటిసారి పులి చెవి పట్టాడు, విసిరికొట్టింది. రెండోసారి గొంతు పట్టాడు, పొట్ట చీరింది. మూడోసారి పట్టాడు, ఇక వదల్లేదు. పులే విదిలించుకుని పారిపోయింది. ఒక్క దూడ పోలేదు.

అంతా అయ్యాక ఊరిపెద్ద చలమప్ప అల్లుడు కొమ్ము ఊదుకుంటూ వచ్చాడు.

ఆ ఊళ్ళో ఒక ఆచారముంది. మందకి గండం గడిస్తే దొడ్డి ముందు పొంగలి వండుతారు. మందను కాపాడినవాళ్ళకే తొలి ముద్ద. ఆ ముద్ద తిన్నవాళ్ళ పేరు ఊరు మరవకూడదు.

సాయంత్రం పొంగలి దిగింది. ఓబుళమ్మ చుక్కన్నను కంబళిలో మోసుకొచ్చింది. ఇంకా ఊపిరి ఆడుతోంది. చలమప్ప తొలి ముద్ద తీసి అల్లుడికి పెట్టబోయాడు.

"అప్పా, ఆ ముద్ద నా చుక్కన్నది," అంది ఓబుళమ్మ.

"పోవే ముసలీ! మా అల్లుడి కొమ్ముకే పులి బెదిరింది."

"కొమ్ము మోగేసరికి పులి కొండెక్కేసింది. గోళ్ళు ఎవరి ఒంటిమీద దిగాయో చూడు. అప్పా, ఆ ముద్ద నా చుక్కన్నది."

జనం నవ్వారు. "కుక్కకి విస్తరి కూడా వేద్దామా వదినా?" అన్నాడొకడు. "తాంబూలం మరిచిపోకండి!" అందొకామె.

"అప్పా, ఆ ముద్ద నా చుక్కన్నది." మూడోసారి అంది.

"కుక్క మూతి పెట్టాక మిగిలిన ఎంగిలి మేం తినాలా?" చలమప్ప గద్దించాడు.

ఓబుళమ్మకి ఒళ్ళు మండిపోయింది. "రోజూ మీరు తాగే పాలు దూడ ఎంగిలి కాదటప్పా? ఆ ఎంగిలికి లేని మడి ఈ ఎంగిలికి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

చలమప్ప చెయ్యి ఆగలేదు. ముద్ద అల్లుడి నోట్లోకి పోయింది. చుక్కన్న ఆ వాసన పీల్చాడు. తోక ఒకసారి ఆడించాడు. ఆమె ఒళ్ళోనే కళ్ళు మూశాడు.

ఆమె ఏడవలేదు. కుంపటి మీద నీటిచుక్క నిలుస్తుందా?

మంద ఊళ్ళోకి తిరిగే మలుపులో, బాట పక్కన చుక్కన్నను పూడ్చింది. రాళ్ళు కొట్టే తిప్పయ్య దగ్గరికి పోయింది.

"తమ్ముడూ, నా చుక్కన్నను రాతిలో చెయ్యి."

తిప్పయ్య ఆ పొంగలి తిన్నవాడే. తల దించుకున్నాడు. "చేస్తానక్కా. మొహం అడవికేసి పెట్టనా? పులి వచ్చేది అటునుంచే కదా."

"పులి ఆకలికి వచ్చింది. దానిమీద నాకు కోపం లేదు. ఊరికేసి పెట్టు."

"నోరు?"

"తెరిచి పెట్టు. పళ్ళన్నీ కనపడాలి."

రాతికుక్క లేచింది. చలమప్ప మండిపడి మనుషుల్ని పంపి అడవికేసి తిప్పించాడు. తెల్లారేసరికి ఊరికేసి చూస్తోంది. మళ్ళీ తిప్పించాడు. మళ్ళీ ఊరికేసే. మూడోసారి మనుషులు కదల్లేదు. "మీ అల్లుణ్ణే పంపప్పా," అన్నారు. అల్లుడు మలుపు దాకా పోయి, ఆ పళ్ళు చూసి వెనక్కొచ్చాడు. చిత్రమేమిటంటే, ఆ రెండు పొద్దులూ తిప్పయ్య చేతులకి తడి మన్ను అంటుకుని ఉందట!

ఓబుళమ్మ బతికినన్నాళ్ళూ ఆ ఊరి పొంగలి ముట్టలేదు. పోయాక ఆమెనీ ఆ రాతికుక్క వెనకాలే పూడ్చారు. ఆమె బొమ్మ ఎవరూ చెక్కలేదు. అయినా అది ఓబుళమ్మ మలుపే. మరి అల్లుడి పేరు? తొలి ముద్ద తిన్నాడు కదా, ఊరు మరవకూడదు కదా! అడిగి చూడండి, ఒక్కరికీ తెలియదు.

ఇప్పటికీ మందలు కాసేవాళ్ళు అక్కడ సద్ది మూట విప్పితే తొలి ముద్ద ఆ రాతి నోటికే. మిగిలింది తాము తింటారు. ఎవరైనా పక్కవాడి కష్టాన్ని తనదని చెప్పుకుంటే, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ వాదించరు. ఒక్కటే మాటంటారు:

"ఆ ముక్క ఓబుళమ్మ మలుపులో నిలబడి చెప్పు."