నుదుటి సుడి జింకలు

అనగనగా ఒక రాజ్యం, రాజ్యానికో అడవి, ఆ అడవిలో మచ్చుకైనా జింక లేదు. ఎందుకు లేదంటారా? రాజుగారి తాతలూ తండ్రులూ వేటాడి వేటాడి ఊడ్చేశారు, అందుకు లేదు! మిగిలినవి కోట వెనక దొడ్డిలో పెరిగే గుప్పెడు జింకలే. అవి ఎక్కడెక్కడి అడవులనుంచో పట్టి తెచ్చినవి.

వాటిలో నల్లకంటి అనే లేడి ఒకటి. దానికి కోపం ముక్కుమీదే ఉండేది. ఉండదూ మరి? దాని కథ వింటే మీకూ వస్తుంది.

ఒకనాడు పృథులవర్మ మహారాజుకు బుద్ధి పుట్టింది. "అడవిని మళ్ళీ జింకలతో నింపుతాను" అన్నాడు. భేషైన మాట! కాని పక్కన ఆస్థాన జోస్యుడున్నాడే, ఆయన ఊరుకుంటాడా?

"ప్రభూ, ఎద్దును కొనేటప్పుడు ఒంటిమీది వెంట్రుకల సుడి చూడమూ? జింకకూ అంతే. నుదుటిన సుడి ఉంటే శుభం, వెన్నున ఉంటే అరిష్టం" అన్నాడు.

వెతగ్గా వెతగ్గా నుదుటిన సుడి ఉన్న మగజింక ఒక్కటే దొరికింది. లేళ్ళు నాలుగు తేలాయి, అందులో నల్లకంటి ఒకటి. తక్కినవాటిని కర్రలతో తరిమి ఏటి అవతల రాళ్ళగుట్ట మీదికి తోలేశారు. కొన్నేళ్ళకు దొడ్డినిండా ఆ ఒక్క తండ్రి పిల్లలే, ఆ పిల్లల పిల్లలే. అన్నిటికీ నుదుటిన సుడి చూసి రాజు మురిసిపోయాడు.

మొదటిసారి వాటిలో కొన్నిటిని మేళతాళాలతో అడవిలోకి వదిలారు. ఆ వానాకాలం గాలికుంటు రోగం తగిలింది. ఒకదానికి సోకిందో లేదో, అన్నీ వరసపెట్టి కూలాయి. అందులో నల్లకంటి కొడుకులున్నారు.

"గ్రహబలం చాలలేదు" అన్నాడు జోస్యుడు.

రెండోసారి హోమం చేసి మరీ ఇంకొన్నిటిని వదిలారు. ఈసారి పుట్టిన కూనలకు కాళ్ళు వంకర. పరుగెత్తలేక రేచుకుక్కల పాలయ్యాయి. అందులో నల్లకంటి మనవలున్నారు.

"ముహూర్తం కుదరలేదు" అన్నాడు జోస్యుడు. నల్లకంటి పళ్ళు పటపటా కొరికింది.

మూడోసారికి దానికి మిగిలింది ఒక్క కూతురు, గరిక. గరికకు జతకట్టడానికి భటులొక మగజింకను తోలుకొచ్చారు. ఎవరనుకున్నారు? గరిక తండ్రికే వేరే లేడి కడుపున పుట్టిన అన్నే!

నల్లకంటి దొడ్డి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అదిలించినా కదల్లేదు. చివరికి రాజే వచ్చాడు.

"తప్పుకో! రాజాజ్ఞకే అడ్డమా?"

"అడ్డమే! నన్ను చంపి దాటు. రాజా, మొన్న నీ కూతురికి సంబంధం వస్తే ముందు ఏమడిగావు?"

"గోత్రం అడిగాను. ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ళ వరస కదా! రామ రామ, పెళ్ళెలా చేస్తాను?"

"నీ పిల్లకైతే రామ రామ, నా పిల్లకైతే రాజాజ్ఞా? ఒకే తండ్రి బిడ్డను నా గరికకు మొగుణ్ణి చేస్తావా? నీ జోస్యుడి శాస్త్రం మండ! మందంతా ఒకే నెత్తురైంది. ఒకదాన్ని చంపిన జబ్బు అన్నిటినీ చంపింది. ఒకదాని లోపం అన్నిటికీ పాకింది. అదిగో, ఏటి అవతల చూడు! అరిష్టమని తరిమావే, ఆ గాలికుంటు వాటికీ తగిలింది. కొన్ని పోయాయి, కొన్ని తట్టుకున్నాయి. తట్టుకున్నవి చెంగుచెంగున గంతులేస్తున్నాయి. కళ్ళుంటే చూడు!"

రాజు చూశాడు. తల దించుకున్నాడు.

"ప్రభూ, శాస్త్రప్రకారం..." అని జోస్యుడు గొంతు సవరించాడు.

"నోరు ముయ్యవయ్యా!" అని రాజు గుమ్మం తెరిపించాడు.

నల్లకంటి గరికనూ దొడ్డిమందనూ వెంటబెట్టుకుని ఏరు దాటింది. గుట్టమంద వచ్చి వాటిలో కలిసింది. రెండూ ఒకటై అడవిలోకి దిగాయి. మళ్ళీ గాలికుంటు రానే వచ్చింది. కొన్ని పడ్డాయి, చాలా నిలిచాయి. గరికకు వెన్నున సుడితో కూన పుట్టింది. ఆ అరిష్టపు కూనే మందకు ముందు పరుగెత్తింది.

అది చూడటానికి రాజు అడవికి వచ్చాడు. "నల్లకంటీ, నన్ను క్షమించు" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? ఈ అడవిలోనే నా కొడుకుల ఎముకలున్నాయి, వాటినడుగు" అని నల్లకంటి వెనుదిరిగి చూడకుండా మందలోకి వెళ్ళిపోయింది.

కనుక పిల్లలూ, అన్నీ ఒక్కలాగే ఉండాలని ఏరిపారేసేవాడు తన మందకు తన చేతులతోనే గొయ్యి తవ్వుతాడు.