తీతు కూర్చునే చోటు

జెకర్యాకు తీతు మీద కోపం లేదు. ఆ మాట జెకర్యాయే ఊరంతా చెప్పేవాడు, వచ్చిన చిక్కల్లా అదే.

గట్టు తగాదాలో తీతు కడుపుమంట ఆపుకోలేక జెకర్యా నారుమడి మీద కలుపుమందు కొట్టాడు. నారంతా మాడిపోయింది. ఎవరి పనో ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్లకు తీతే ఉండబట్టలేక జెకర్యా ఇంటికొచ్చి, కాళ్లు పట్టుకుని ఏడ్చి ఒప్పుకున్నాడు. జెకర్యా అతన్ని లేవనెత్తి కౌగలించుకున్నాడు. ఆ క్షమించడం నిజమే, అందులో వంక పెట్టడానికేం లేదు.

ఆ ఆదివారమే ప్రార్థన మందిరంలో లేచి, దేవుడు తన చేత ఎలా క్షమింపజేశాడో సాక్ష్యం చెప్పాడు, తీతు పేరుతో సహా. జనం స్తోత్రమన్నారు. జెకర్యా ఆ స్తోత్రం రుచి మరిగాడు. పక్క ఊళ్ల కూడికల్లో చెప్పాడు, సభల్లో మైకు పట్టుకుని చెప్పాడు. చెప్పినప్పుడల్లా నారుమడి పెద్దదవుతూ వచ్చింది, తీతు ఏడుపూ పెరుగుతూ వచ్చింది.

తీతు మందిరానికి రావడం మానేశాడు. అతని పిల్లల్ని బడిలో ‘మందు కొట్టినోడి పిల్లలు’ అని పిలుస్తున్నారు. కిటికీ పక్కన అతను కూర్చునే చోట ఇప్పుడెవరూ కూర్చోరు.

జెకర్యా మందిరం పాస్టరు సత్యానందం అయ్యగారి దగ్గర వాక్యం నేర్చుకుంటున్నాడు. తన బాధ ఆయనతోనే చెప్పుకున్నాడు.

“నేను క్షమించినా వాడి మనసు కరగలేదండి అయ్యగారూ. ఎదురుపడితే మొహం తిప్పుకుపోతున్నాడు. వాడి కోసం ప్రార్థన చెయ్యండి.”

అయ్యగారు సరేనన్నారు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ జెకర్యా లేవబోతుంటే, ఆయన చేత్తో కూర్చోమన్నారు.

“ఇవాళ నేను చెప్తాను. మన సంఘంలోవాడే ఒకాయన పోయిన ఎండాకాలం నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. చేసిన పని భార్యకు కూడా చెప్పుకోలేనన్నాడు.”

ఆ ఏడ్చింది జెకర్యాయే. ఆడవాళ్ల వైపు అతని భార్య రిబ్కా అందరిలాగే ఆసక్తిగా వింటోంది.

“ఆయన పేరు…” అని అయ్యగారు ఆగారు. చాలాసేపు ఆగారు. తర్వాత, పాట పాడుకుందాం అంటూ కూర్చున్నారు.

అందరూ వెళ్లాక జెకర్యా ఆయన దగ్గరికొచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది.

“మిమ్మల్ని నమ్మి చెప్పుకున్నానండి.”

“తీతు కూడా అంతే.”

“మరి పేరు దాకా వచ్చి ఆపేశారేమండి?”

అయ్యగారు కిటికీ వైపు చూశారు. “ఒక చోటు ఖాళీ అయితేనే చూడలేకపోతున్నాను. రెండో చోటు కూడానా?”

ఆ సాయంత్రమే జెకర్యా తీతు ఇంటికి వెళ్లాడు. తీతు బయటికి రాలేదు. అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

“తప్పు నాదే చెల్లెమ్మా. క్షమించమని అడగడానికొచ్చాను.”

ఆమె అతన్ని నిదానంగా చూసింది.

“ఇది కూడా మందిరంలో చెప్తావా అన్నయ్యా?”

వచ్చే ఆదివారం మందిరంలో ఇదెలా చెప్పాలా అని జెకర్యా దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు.