కిటికీ కింద బల్ల

నరసాపురంలో లేసు అల్లిక నేర్పే కృపావతమ్మగారిని ఎవరైనా సందేహం అడిగితే అక్కడికక్కడే జవాబు దొరికేది కాదు. "రేపు పొద్దున మీ ఇంటికొస్తాను" అనేవారు. అన్నట్టే వచ్చేవారు. ఆవిడ కాఫీ కోసం వచ్చే మనిషి కాదని తెలుసు కనుక, ఆ మాట చెవిన పడగానే శిష్యురాళ్ళు ఇల్లు సర్దుకోవడం మొదలుపెట్టేవాళ్ళు.

ఒకసారి నాగవేణి అనే శిష్యురాలు ఆవిణ్ణి ఇలా అడిగింది. "అమ్మగారండీ, మా అత్తగారి చేత అల్లిక మాన్పించేద్దామనుకుంటున్నానండి. తప్పంటారా?"

ఊరికే అడిగిన మాట కాదు. అత్తగారు మంగాయమ్మ అల్లే బల్లగుడ్డలకు ఇంట్లోనే ఫొటోలు తీసి, ఆన్‌లైన్లో షాపు పెట్టి అమ్ముతోంది నాగవేణి. ఫొటోకి దీపాలకంటే కిటికీ వెలుతురే మేలని ఎక్కడో చూసి నేర్చుకుంది. ఇంట్లో మంచి వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటే. దాని కింద బల్ల వేసి, వెలుతురు తిరిగి పడేలా అటూ ఇటూ థర్మోకోల్ అట్టలు నిలబెట్టింది. తెల్ల లేసు తెల్ల దుప్పటి మీద కలిసిపోతోందని తన ముదురు నీలం చీర తెచ్చి పరిచింది. అప్పటికే అల్లి ఉన్న గుడ్డలకు గంజి పెట్టి, గుండుసూదులతో బిగలాగి ఫొటో తీస్తే ప్రతి పువ్వూ నక్షత్రంలా పడింది. ఆర్డర్లు వచ్చాయి. కానీ ఆ ఆర్డర్లకు కొత్తగా అల్లి పంపిన గుడ్డలు తిరిగొచ్చాయి. రేకులు సమంగా లేవన్నారు ఒకరు. అల్లిక మధ్యలో జారిపోయిందన్నారు మరొకరు. ఇంకొక్కటి తిరిగొస్తే షాపు తీసేస్తామని ఆన్‌లైన్ కంపెనీ హెచ్చరించింది. పెళ్ళివాళ్ళు ఆర్డరిచ్చిన గుడ్డ ఒకటి ఇంకా మంగాయమ్మ చేతిలోనే ఉంది.

"ఆవిడకి వయసైపోయిందండి. కళ్ళజోడు మార్పించినా లాభం లేకపోయింది. నా పని అయిపోయిందే పిల్లా అని ఆవిడే అంటున్నారు. ఈ గుడ్డ ఇంకెవరిచేతనైనా పూర్తి చేయిస్తే గండం గట్టెక్కుతామని..."

తన తప్పు వెతుక్కోవడం కంటే ఎదుటివాళ్ళ వయసు లెక్కపెట్టడం మనుషులకు ఎప్పుడూ తేలికే. కృపావతమ్మగారు ఆ మాట అనలేదు. "రేపు పొద్దున వస్తాను" అన్నారు.

మర్నాడు ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే, వంటగది పక్క మూలనుంచి మంగాయమ్మ కేక వేసింది. "రండి టీచరుగారూ! ఆ కిటికీ వైపు మాత్రం పోకండి. నిన్న పిల్లి నీడ పడిందని మా కోడలు వీధంతా వినిపించేలా అరిచింది. మా ఇంట్లో ఇప్పుడు ఎండ కూడా ఆర్డరు మీదే వస్తోంది."

"ఊరుకోండత్తయ్యా" అంది నాగవేణి సిగ్గుపడుతూ.

కృపావతమ్మగారు నవ్వలేదు. "అల్లుతున్న చేతుల్ని కూడా ఫొటో తీసి పెడితే కొనేవాళ్ళకు నమ్మకం కలుగుతుందటగా. నా చేతులు తియ్యి" అన్నారు. నాగవేణికి ఏనుగెక్కినంత సంబరమైంది. టీచరుగారి చేతులు తన షాపులో! ఆవిడ మంగాయమ్మను లేపి, మూలనున్న పీట మీద తాను కూర్చుని, పెళ్ళివాళ్ళ గుడ్డ ఒళ్ళో వేసుకుని అల్లడం మొదలుపెట్టారు.

నాగవేణి ఫొటో తీసింది. మసక. వంగి మళ్ళీ తీసింది. మరీ మసక. ట్యూబులైటు వేస్తే ఆవిడ తల నీడ సరిగ్గా లేసు మీదే పడింది.

"అమ్మగారండీ, ఇక్కడ లాభం లేదండి. దారమేదో వేలేదో తెలియట్లేదు."

"ఎవరికి తెలియట్లేదు?"

"ఫోనుకండి."

"పాపం. ముసలిదైపోయిందా?"

"అబ్బే, మొన్న కొన్నదేనండి! దానికేం లోటు లేదు. ఈ మూల వెలుతురే..."

నాగవేణి ఫోను దించి పీట వైపు చూసింది. ఫొటోల బల్ల రాకముందు ఆ పీట ఉండేది కిటికీ కిందే. బల్లకు చోటు కావాలని దాన్ని ఈ మూలకు జరిపింది తానే. పొద్దున్నే చూపు బాగా ఆనే వేళ, అత్తగారు ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని, తెల్లదారాన్ని చేత్తో తడుముకుంటూ అల్లింది. తప్పు పడితే తన కళ్ళనే తిట్టుకుంది.

నాగవేణి వెళ్ళి థర్మోకోల్ అట్టలు తీసేసింది. నీలం చీర చుట్టి పక్కన పెట్టి, బల్లను గోడవారకు ఈడ్చింది.

"అయ్యో, ఫొటోలెలాగే?" అంది మంగాయమ్మ. అంటూనే టీచరుగారు లేచి వదిలిన పీట చంకన పెట్టుకుని కిటికీ దగ్గరకు నడిచేసింది. గుడ్డ అందుకుని వెలుతుర్లో పట్టి చూసి, ముక్కున వేలేసుకుంది.

"ఓసి నీ దుంప తెగ! ఇది నేనల్లిందేనా? ఎవరో పగవాళ్ళు అల్లినట్టుంది!"

పకపకా నవ్వుతూ అక్కడికక్కడే తప్పు పడిన మేర విప్పేసి, కొత్తగా మొదలుపెట్టింది. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. తల ఎత్తడం లేదు. అప్పుడు పిల్లి కాదు, పిడుగు పడినా ఆవిడ చూసేలా లేదు.

కృపావతమ్మగారు చెప్పులు వేసుకుంటుంటే నాగవేణి వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మరి ఫొటోలు ఎక్కడ తియ్యమంటారండి?"

"మీ అత్తగారిని అడుగు. దారపుండ మార్చుకునేటప్పుడు కాసేపు చోటిస్తారేమో."