పోజిచ్చిన పిట్ట

“దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళకి పెద్ద లెన్సు ఎందుకు మాస్టారూ?” అని అడిగింది ఝాన్సీ.

సన్యాసిరావు మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన పద్ధతే అంత. చిన్న చిన్న సంగతులు అడిగితే చేతిలో పని ఆపకుండానే చెప్పేసేవారు. ఎర్రచీర, తెల్లచొక్కా ఇంట్లో వదిలి రమ్మనేవారు. పిట్ట కన్ను ఎంత ఎత్తులో ఉంటే కెమెరాని అంత ఎత్తుకి దించమనేవారు, నడుం నొప్పి అంటే బోర్లా పడుకోమనేవారు. స్టాండు మోయలేమన్నవాళ్ళకి పాత ప్యాంటు కాలు కోసి, ఊక నింపి కుట్టిన సంచి ఒకటి ఇచ్చి, లెన్సుని దానిమీద ఆన్చుకోమనేవారు. ఏది కొనమంటారు, ఎంత పొడుగుది కొనమంటారు అంటే మాత్రం వినపడనట్టు ఊరుకునేవారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. సోమవరం ఆవ ఒడ్డున చిన్న ఇల్లు. ఆవ అంటే ఆ వైపు మాటలో, కొండమీది నీళ్ళు దిగి నిలిచే పెద్ద పల్లం. ఆదివారం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఒకరో ఇద్దరో కెమెరాలు భుజాన వేసుకుని ఆయన అరుగు మీదికి చేరేవారు.

అది వైశాఖం. నీళ్ళు నడిమధ్యకి పోయి, ఒడ్డంతా గులకరాళ్ళు తేలి ఉంది. బీమా ఆఫీసులో పనిచేసే ఝాన్సీ ఆ రోజు చీకటి విడకుండానే వచ్చి, మాస్టారి తలుపు కొట్టకుండా ఒక్కతే ఆవలోకి దిగి, ఎండ ముదిరాక అరుగు దగ్గరికి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి, ఆ రోజు చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

“నా చిన్న లెన్సుతోనే, ఆ మూడువందల ఎమ్మెమ్ దానితోనే తీశాను. చూడండి” అని కెమెరా వెనక తెర చూపించింది.

తీతువు పిట్ట. రెండు రెక్కలూ నేలకి పరిచి, తోక విసనకర్రలా విప్పి, మెడ చాచి, ముక్కు తెరిచి నేరుగా లెన్సులోకి చూస్తోంది. కంటి ముందర ఎర్రటి తోలు, రెక్కలో తెల్లటి చార. ఒక్కొక్క ఈకా వేరువేరుగా తెలుస్తోంది.

అరుగు మీద అప్పటికే టీ తాగుతూ కూర్చున్న పళ్ళ డాక్టరు త్రినాథరావు గ్లాసు పక్కన పెట్టి వంగి చూశాడు. ఆయనది దూరంనుంచే దగ్గరగా చూపించే ఆరువందల లెన్సు. ఆకుపచ్చ తొడుగు వేసుకుని పక్కనే బోర్లా పడుకుని ఉంది.

“అబ్బో! క్యాలెండరుకి ఎక్కాల్సిన ఫొటో అమ్మా ఇది. ఈ ఫిరంగి మోసుకుని ఏళ్ళతరబడి తిరుగుతున్నాను, ఒక్క పిట్టా నాకిలా నోరు తెరిచి చూపించలేదు.”

“మిమ్మల్ని చూస్తే ఎవరు తెరుస్తారండీ” అంది ఝాన్సీ.

“పళ్ళు లేనివాటికి నాతో భయమేంటమ్మా!” అని ఆయన నవ్వాడు. “ఎంత దగ్గరగా వెళ్ళావేంటి?”

“దగ్గరంటే, ఈ అరుగు నుంచి ఆ కుళాయి దాకా. అది అసలు పోలేదు. పోజిచ్చింది. నేను కదిలితే తనూ కదిలి, ముందుకొచ్చి, మళ్ళీ పోజిచ్చింది. ఎంతసేపని! చివరికి నేనే విసిగి లేచాను గాని అది విసగలేదు.”

కెమెరా పట్టినవాళ్ళ మాట అది. పిట్ట ఎగిరిపోతే పొగరంటారు, నిలబడితే పోజిచ్చిందంటారు. అరుగు మీద ప్రతి ఆదివారం వినపడే మాటే గనక ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాతే ఝాన్సీ తన ప్రశ్న అడిగింది. ఇలా దగ్గరికి వెళ్ళి కూర్చోగలిగితే, బోలెడంత బరువు మోసుకుని దూరంనుంచి తీయడం దేనికని.

మాస్టారు కళ్ళజోడు తెచ్చుకుని తెరని చాలాసేపు చూశారు. “కుంటిందా?” అని అడిగారు.

“ఆఁ! మొదట కుంటింది. రెక్క ఈడుస్తూ పోతుంటే విరిగిందేమోనని పాపం అనిపించి వెనకే వెళ్ళాను. కొంత దూరం పోయాక శుభ్రంగా ఎగిరింది. నేను మళ్ళీ నా చోటికి వచ్చి కూర్చున్నాను, మళ్ళీ వచ్చింది.”

“మీ చోటంటే?”

“గట్టు దిగాక గులకరాళ్ళ నేల ఉందిగా, అక్కడ. స్టూలు అక్కడే ఉంచి వచ్చాను మాస్టారూ. సాయంత్రం వెలుగు బాగుంటుంది కదా, ఇంకెవరైనా వచ్చి కూర్చుంటారని తువ్వాలు వేసి వచ్చాను.”

“బస్సులో సీటుకి వేసినట్టు!” అని త్రినాథరావు మళ్ళీ నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. సగం తాగిన టీ కింద పెట్టి, ఊక సంచి చంకన పెట్టుకున్నారు. “డాక్టరుగారూ, మీ లెన్సు తీసుకోండి. అమ్మా, మీరూ లేవండి. ఎండెక్కిపోతోంది” అన్నారు.

గట్టు మీద ఒక మోటారు షెడ్డు ఉంది. దాని నీడలో ముగ్గురూ చేరారు. మాస్టారు ఊక సంచి గట్టు మీద పరిచి, త్రినాథరావు లెన్సుని దాని మీద ఆన్చి, ఝాన్సీని చూడమన్నారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కన్ను పెట్టింది.

మొదట స్టూలు కనిపించింది. దానిమీద పచ్చ తువ్వాలు, ఒక కొస గాలికి లేచి పడుతోంది. దానికి అవతల తీతువు. అది స్టూలు వైపు గబగబా పరిగెత్తుతుంది. తువ్వాలు లేవగానే ఆగిపోతుంది. వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ పరిగెత్తుతుంది. దాని జత పైన చక్కర్లు కొడుతూ ఒకటే అరుపు. ఆ కూత వింటే ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి, ఇంట్లోవాళ్ళు ఎవరెక్కడున్నారో ఒకసారి మనసులోనే తలుచుకుంటారు. కీడు కూస్తోందంటారు. ఝాన్సీ అమ్మమ్మ అయితే వాకిట్లోకి వచ్చి తూ తూ అని ఉమ్మేసి గాని లోపలికి వెళ్ళేది కాదు. కీడు ఎవరికని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

“అక్కడ గుడ్లున్నాయమ్మా” అన్నారు మాస్టారు. “దీనికి గూడుండదు. నేలమీదే పెడుతుంది.”

ఝాన్సీ కన్ను తీసి ఆయనకేసి చూసింది. “నాకు కనపడలేదు మాస్టారూ. అంతసేపు కూర్చున్నాను. నిజంగా కనపడలేదు.”

“కనపడకూడదనే కదా, రాళ్ళ రంగులో పెట్టుకుంది.”

“ఎండకి…” అని ఆమె ఆగిపోయింది.

“పొట్ట కింద ఉన్నంతసేపూ భయం లేదు. ఇప్పుడా రాళ్ళమీద చెయ్యి పెడితే మనకే కాలుతుంది” అన్నారు మాస్టారు.

త్రినాథరావు అప్పటికే ప్యాంటు మడుస్తున్నాడు. “ఒక్క పరుగులో తెచ్చేస్తాను స్టూలు.”

“మీరు వద్దండీ. ఎక్కడ కాలు పెట్టకూడదో మీకు తెలీదు. ఆవిడ ఒకసారి నడిచి వచ్చింది, తొక్కలేదు. ఆ దారినే వెళ్ళాలి.”

“ఏ దారిన వచ్చానో ఎలా తెలుస్తుంది మాస్టారూ? రాళ్ళల్లో అడుగులు పడవు కదా” అంది ఝాన్సీ.

“అయితే చూసి చూసి వెళ్ళండి. త్వరగా వెళ్ళండి.”

చూసి వెళ్ళడం, త్వరగా వెళ్ళడం రెండూ ఒక్కచోట కుదిరేవి కావు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఝాన్సీ కెమెరా మెడలోంచి తీసి అక్కడే పెట్టి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గట్టు దిగింది.

రాళ్ళు కాళ్ళకి చురుక్కుమన్నాయి. అన్ని రాళ్ళూ ఒకేలా ఉన్నాయి. ప్రతి రాయీ గుడ్డులాగే ఉంది, కాలు మోపబోయే ప్రతిచోటా ఒకటుంది. ఆమె వంగి, కాలివేళ్ళు మోపి, మడమ దించి నడిచింది. తీతువు ఆమెని చూసింది. నేరుగా ఎదురొచ్చి, కాళ్ళ ముందు కూలబడి, ఒక రెక్క పక్కకి వేలాడేసి ఈడుస్తూ దూరంగా పోసాగింది. పొద్దున చూసిందే. పొద్దున కన్నుకీ దానికీ మధ్య గాజు ఉంది, చప్పుడు చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ముక్కు తెరిచినప్పుడల్లా లోపలినుంచి వచ్చే బుసలాంటిది వినిపించింది. నన్ను పట్టుకో, ఇటు రా, నన్ను పట్టుకో అన్నట్టు అది వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. ఝాన్సీ దాన్ని చూడలేకపోయింది. తలవంచి నేల చూస్తూ స్టూలు దాకా వచ్చింది.

నాలుగు గుడ్లు. మొన తేలిన కొసలు లోపలికి పెట్టుకుని, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మట్టిరంగు, నల్లమచ్చలు. స్టూలు కాలికీ వాటికీ మధ్య జానెడు కూడా లేదు. రెండోవైపు రెండు గులకరాళ్ళు పక్కకి ఒరిగి ఉన్నాయి. పొద్దున ఆమె మడమ తగిలిన చోటది. ఇంట్లో పిల్లలు పాకుతున్నన్నాళ్ళూ కింద చూడకుండా కాలు కదపని మనిషి ఆమె.

అప్పుడు ఆమెకి తన నీడ కనిపించింది. నాలుగు గుడ్లమీదా నిండుగా పడి ఉంది. వేడెక్కిన ఆ గుడ్లకి చాలాసేపటి తర్వాత దొరికిన నీడ అదే. ఆమె కదలలేదు. కాసేపు ఇలాగే నిలబడితే, కాస్త చల్లబడ్డాక వెళ్ళొచ్చు కదా అనిపించింది. తాకి ఎంత వేడిగా ఉన్నాయో చూద్దామని చెయ్యి కూడా చాచింది. అంతలో తీతువు రెక్క ఈడవడం మానేసి, ఎదురుగా నిలబడి, అరవకుండా ఆమెనే చూసింది. ఝాన్సీ చెయ్యి వెనక్కి తీసుకుంది. తలతిప్పి చూస్తే గట్టుమీద మాస్టారు నిలబడి ఉన్నారు. పిలవలేదు, చెయ్యి మాత్రం ఇటు అన్నట్టు కదిపారు. నీడ ఇవ్వడానికి తాను ఉన్నంతసేపూ పిట్టకి రావడానికి లేదు. ఆమె తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుని, స్టూలుని నిలువుగా పైకెత్తి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఎండ మళ్ళీ గుడ్లమీద పడి ఉంటుందని తెలుసు. తిరిగి చూడలేదు.

షెడ్డు నీడలోకి వచ్చి కూర్చుంది. తీతువు గాల్లోకి లేచింది. గుడ్లవైపు వస్తుందనుకుంటే, పైనుంచి దాటి నీళ్ళవైపు పోయింది.

“అటు పోతోందేంటి మాస్టారూ? వదిలేసిందా?”

“ఉండండమ్మా.”

“నా వల్లే వదిలేసింది.”

“ఉండండి.”

అది నీటి అంచున దిగి, కాళ్ళు మునిగేదాకా నడిచి, పొట్ట నీళ్ళలో ముంచింది. లేచి, మళ్ళీ ముంచింది. ఈకలు తడిసి ముద్దయ్యాక ఎగిరి వచ్చి, గుడ్లకి కొంచెం ఎడంగా దిగి, అటూ ఇటూ చూసి, పరిగెత్తింది. గుడ్లమీద నిలబడి, పొట్ట విదిలించి, మెల్లిగా, చాలా మెల్లిగా కూర్చుంది.

“తడి తెచ్చింది” అన్నారు మాస్టారు.

ఝాన్సీ చెంగుతో మొహం ఒత్తుకుంది. “బతుకుతాయా మాస్టారూ?”

“తెలీదమ్మా. దానికీ తెలీదు. కూర్చుంది.”

త్రినాథరావు అలవాటుగా లెన్సు వెనక్కి చేరి, వేలు మీట మీద పెట్టి, ఫోకసు సరిచేసుకున్నాడు. కొంతసేపు అలాగే ఉండి, నొక్కకుండానే వేలు తీసేశాడు.

“రెక్క లేదు, చూపు లేదు. మట్టిముద్దలా కూర్చుంది. ఇందులో ఏముంది మాస్టారూ తీయడానికి?”

మాస్టారు ఆయన్ని కాస్త జరగమని, ఝాన్సీని రమ్మన్నారు. ఆమె వంగి కన్ను పెట్టింది. రాళ్ళమధ్య రాయిలా పిట్ట. పొట్ట ఈకలనుంచి ఒక చుక్క జారింది. దాని కన్ను మెల్లిగా మూతపడి, తెరుచుకుని, మళ్ళీ మూతపడింది. పొద్దుటి ఫొటోలోలా లెన్సులోకి కాదు, అది అసలు ఎటూ చూడటం లేదు.

“ఇందులో మనం లేమండీ” అన్నారు సన్యాసిరావు మాస్టారు.